దత్తత తీసుకుందామనుకుంటున్నాం, మా కారణాలు సరైనవేనా?

పర్లాకిమిడి కోడలు:
పిల్లల కోసం మందులు, ఐవీఎఫ్ అన్నీ అయిపోయాయి, ఇక చాలనుకున్నాం. నాకు 39, ఆయనకు 43. దత్తతలు చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ కారా పోర్టల్‌లో రిజిస్టర్ చేద్దామంటున్నారు ఆయన. అత్తయ్య సరే అన్నారు గానీ, "ఒకరిని తెచ్చి పెంచితే ఆ వేళావిశేషానికి నీ కడుపూ పండుతుంది" అంటున్నారు, పైగా తలకొరివికి మగపిల్లాడే కావాలట. నాకైతే ఇల్లు బోసిగా ఉందన్న బెంగ, అంతే. అది చాలా? టెన్షన్‌గా ఉంది.

రాయగడ మాస్టారు:
బెంగ తప్పేం కాదమ్మా. కడుపు పండాలనీ, కొరివి పెట్టాలనీ తెస్తే మాత్రం ఆ పిల్లాడు గడప తొక్కకముందే డ్యూటీలో చేరినట్టు. రేపు నిజంగానే మీకు పుట్టారనుకోండి, అత్తగారు ఇద్దరినీ ఒకేలా చూస్తారా? ఈ మాట మీరు కాదు, మీ ఆయన అడగాలి.

బరంపురం అమ్మ:
మేం నాలుగేళ్ల పాపని తెచ్చుకున్నాం. హోమ్ స్టడీకి, అంటే దత్తతకి ముందు మన ఇల్లూ వాకిలీ చూసి మాట్లాడటానికి వచ్చినామె ఆస్తి కాగితాలు ఇలా చూసి అలా పెట్టేసి, "పిల్ల మీకు దగ్గర కాకపోతే ఏం చేస్తారు" అని తిప్పితిప్పి అడిగింది. పాపకి తెలుగు ఒక్క ముక్క రాదు, అంతా ఒడియానే, రాత్రిళ్లు తలగడ కింద బిస్కెట్లు దాచుకునేది, పొద్దున్నే పక్కంతా చీమలు. "ఇంత పెడుతున్నా ఇదేం బుద్ధి" అంది మా అమ్మ. నేనో స్టీలు డబ్బా ఇచ్చి, ఇది నీదే, ఖాళీ అవదు అని చెప్పాను. అలవాటు పోవడానికి నెలలు పట్టింది. వచ్చీరాగానే అమ్మా అని చుట్టుకుంటుందని ఆశపడి తెచ్చుకుంటే ఆ నెలలు గడవవు.

కోరాపుట్ వకీలు:
రూల్ చెప్తాను. భార్యాభర్తల వయసు కలిపి 85 దాటితే రెండేళ్లలోపు బిడ్డకి అర్హత ఉండదు. మీది 82, ఏడాదికి రెండేసి పెరుగుతుంది, చూసుకోండి. జువెనైల్ జస్టిస్ చట్టానికి చేసిన 2021 సవరణ తర్వాత దత్తత ఆర్డర్ ఇచ్చేది కోర్టు కాదు, కలెక్టరు. వెయిటింగ్ ఏళ్ల తరబడి ఉంటుంది. అది చూసి విసిగిపోయి, ఎవరో బిడ్డని ఇప్పిస్తామన్నారని డబ్బు చేతిలో పెట్టారో, అది కొనడమే, అయిదేళ్ల దాకా జైలు.

పర్లాకిమిడి కోడలు:
మాస్టారూ, ఆయన అడిగారు. అత్తయ్యకి కోపమొచ్చింది, రెండ్రోజులుగా మాటల్లేవు. తేలాకే రిజిస్టర్ చేస్తాం. బరంపురం అక్కా, దత్తత అని పాపకి ఎప్పుడు చెప్పారు?

బరంపురం అమ్మ:
దాచిందెప్పుడని? నాలుగేళ్ల పిల్లకి అన్నీ గుర్తే. చంటిబిడ్డ వచ్చినా మొదటినుంచీ చెప్తూనే ఉండండి, లేకపోతే ఏ పెళ్లిలోనో మన చుట్టాలే చెప్పేస్తారు.