మొదటి రీస్టోరేషన్: మామయ్య చేతక్‌కి కొత్త రంగా, పాత రంగే ఉంచాలా?

గూడూరు_చేతక్:
అందరికీ నమస్తే. మా మామయ్య 1986లో కొన్న బజాజ్ చేతక్ స్కూటర్‌ని గూడూరు నుంచి చెన్నైలో పెరంబూరుకి తెచ్చుకున్నాను. ఏళ్ల తరబడి వసారాలో నిలిపి ఉంచిన బండి. కిక్ కొడితే ఇంజన్ తిరుగుతోంది, స్టార్ట్ మాత్రం కావట్లేదు. లేత నీలం రంగు అక్కడక్కడా లేచిపోయింది కానీ కంపెనీ వేసిన రంగే. పాత బండ్ల సామాన్ల బజారు పుదుపేటలో ఒకాయన మొత్తం విప్పి, టింకరింగ్, పెయింటింగ్ చేసి "షోరూంలోంచి తెచ్చినట్టు" ఇస్తానంటున్నాడు. ఆఫీసులో మిత్రుడేమో ఆ రంగు ముట్టుకుంటే బండి విలువే పోతుందంటాడు. నాకు స్పానర్ పట్టడం కొత్త. ఎవరి మాట వినాలి?

రెడాక్సైడ్:
మొత్తం విప్పించండి, ఇంకో ఆలోచన వద్దు. నేనుండేది తిరువొత్తియూరు. ఉప్పుగాలి ఇనుముని ఏం చేస్తుందో రోజూ చూస్తున్నాను. లాంబ్రెట్టా స్కూటర్‌కైతే లోపల గొట్టం ఫ్రేమ్ ఉంటుంది, పక్క రేకులు పోయినా మార్చుకోవచ్చు. చేతక్ వెస్పా జాతి. వెస్పా కంపెనీ పియాజియో బజాజ్‌కి ఇచ్చిన లైసెన్సు 1971తో అయిపోయింది, 1972 నుంచి చేతక్ అన్నారు, అంతేగానీ కట్టుబడి అదే. రేకే దాని ఫ్రేమ్. ఫ్లోర్, అంటే కాళ్లు పెట్టుకునే రేకు, తుప్పు పడితే బండి నడుం పడిపోయినట్టే. పాత రంగు తీయకుండా కింద ఏముందో ఎలా తెలుస్తుంది? సెంటిమెంటుకి తుప్పు ఆగదు.

పాతరంగే_ముద్దు:
అది తెలుసుకోవడానికి రంగంతా గీకక్కర్లేదండీ. ఫ్రిజ్ మీది అయస్కాంతం ఒకటి చాలు. లప్పం మందంగా పెట్టినచోట అది అతుక్కోదు. సైడ్ డిక్కీల మీదా, ముందు షీల్డ్ మీదా పెట్టి చూస్తే ఎక్కడ సొట్టలు దాచారో ఐదు నిమిషాల్లో బయటపడుతుంది.

అసలు ఈ రోజుల్లో "రీస్టోర్డ్" అని అమ్ముతున్న బండ్లు చూశారా? రెండు రంగులు, తెల్లంచు టైర్లు, చుట్టూ క్రోమ్ గార్డులు. పెళ్లి ఫొటోషూట్లకి బాగుంటాయి. 1986లో అలాంటి చేతక్ ఎవరింట్లోనూ లేదు. పైగా 2021లో కేంద్రం తెచ్చిన వింటేజ్ నిబంధనల ప్రకారం బండి అసలు రూపంలోనే ఉండాలి. ఇష్టమొచ్చినట్టు మార్చేస్తే ఆ అవకాశం కూడా పోవచ్చు.

ఎన్ఓసీ_బాధితుడు:
ఆగండాగండి. ఆ వింటేజ్ నిబంధన మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటిన బండ్లకి. ఈయన చేతక్‌కి 2036 దాకా ఆ ఊసే లేదు. దాటాక కూడా ఆ కేటగిరీలో రిజిస్టర్ చేయిస్తే రోజూ ఆఫీసుకి తిప్పడానికి కుదరదు.

ఇప్పుడు చూడాల్సింది ఆర్సీ. 15 ఏళ్ల తర్వాత ఐదేసి ఏళ్లకి రెన్యువల్ చేయిస్తూ వచ్చారా? బండి మామయ్య పేరు మీదే ఉందా? ఆంధ్ర రిజిస్ట్రేషన్ బండి తమిళనాడులో 12 నెలలు దాటి ఉంటే ఇక్కడి నంబరు తీసుకోవాలి, దానికి అక్కడి ఆర్టీఓ నుంచి ఎన్ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) కావాలి. రంగు పేరు కూడా ఆర్సీలో ఉంటుంది, మారిస్తే అదీ రాయించుకోవాలి. కాగితాలు తేలకముందే పెయింటర్‌కి అడ్వాన్స్ ఇవ్వకండి.

వేళచ్చేరి_టూస్ట్రోక్:
ఇద్దరూ రంగు దగ్గరే కొట్టుకుంటున్నారు. ఈయనకి బండి ఇంకా స్టార్టే కాలేదు! మొదటిసారి చేసేవాళ్లు మధ్యలో వదిలేసేది ఎక్కువగా ఇందుకే. మొత్తం విప్పేస్తారు, బాడీ పెయింటింగ్‌కి వెళ్తుంది, డబ్బంతా అక్కడే అయిపోతుంది. ఇంజన్ గోనెసంచిలో మిగిలిపోతుంది. లేదా రంగు మెరుస్తూ ఇంటికొచ్చాక పొగ మొదలవుతుంది. పైన పటారం, లోన లొటారం.

నా మాట ఇది: ముందు నడిపించండి, రంగు సంగతి ఆ తర్వాత. పాత పెట్రోలు మొత్తం పారబోయండి. స్పార్క్ ప్లగ్ తీసి ఆ కంతలో కాస్త టూటీ ఆయిల్ (టూస్ట్రోక్ ఇంజన్‌కి పెట్రోల్లో కలిపేది) పోసి, నెమ్మదిగా నాలుగైదు కిక్కులు కొట్టండి. తర్వాత ప్లగ్‌ని క్యాప్‌లో పెట్టి, ఇంజన్ హెడ్ మీద లోహానికి ఆనించి కిక్ కొడితే నీలంగా నిప్పురవ్వ రావాలి. రాకపోతే పాయింట్లు (స్పార్క్ కోసం కరెంటుని కలిపి విడదీసే కాంటాక్టులు) చూడండి, వాటి మధ్య సందు 0.4 మిల్లీమీటర్ల దరిదాపుల్లో ఉండాలి. మొహాలు నల్లబడి ఉంటే సన్నటి ఎమరీతో రుద్దండి. స్పార్క్ వచ్చినా అంటుకోలేదంటే కార్బొరేటర్ జెట్లలో పాత పెట్రోలు బంకలా గడ్డకట్టి ఉంటుంది.

స్టార్ట్ అయ్యాక అసలు పరీక్ష. చాలాకాలం నిలబెట్టిన బండికి క్రాంక్ (ఇంజన్ లోపల తిరిగే ఇరుసు) రెండు వైపులా ఉండే రబ్బరు ఆయిల్ సీళ్లు గట్టిపడతాయి. క్లచ్ వైపు సీలు పోతే గేర్ ఆయిల్ ఇంజన్‌లోకి వెళ్లి తెల్లటి పొగ ఆగకుండా వస్తుంది. ఆ ఆయిల్ ఉండేదే పావు లీటరు, అది కాస్తా తరిగిపోతుంది. ఫ్లైవీల్ వైపు సీలు పోతే గాలి పీల్చుకుంటుంది, యాక్సిలరేటర్ వదిలేసినా ఇంజన్ అరుస్తూనే ఉంటుంది. అలాగే నడిపితే పిస్టన్ పట్టేస్తుంది. క్లచ్ వైపు సీలు మార్చాలంటే ఇంజన్ రెండుగా విప్పాల్సిందే, మొదటిసారి ఆ పని మాత్రం తెలిసిన మెకానిక్‌కి ఇవ్వండి, కానీ పక్కన నిలబడి చూడండి. సీళ్లు, కేబుళ్లు ఇక్కడి స్పేర్ పార్ట్స్ బజారు జీపీ రోడ్డులో కొత్తవి కొనండి. సైడ్ డిక్కీ, హ్యాండిల్ కవర్ లాంటివాటికి పుదుపేట. పాత రేకు మందమే వేరు.

రెడాక్సైడ్:
మరి ఫ్లోర్ పోయి ఉంటే? నడిపించి, మధ్యదారిలో కింద పడమంటారా?

వేళచ్చేరి_టూస్ట్రోక్:
ఆ ఒక్క విషయంలో మీ మాట నిజం. గూడూరు_చేతక్ గారూ, ఫ్లోర్ మీది రబ్బరు మ్యాట్, అంచు పట్టీలు ఎత్తి, బ్రేక్ పెడల్ చుట్టూ స్క్రూడ్రైవర్ మొనతో గట్టిగా పొడిచి చూడండి. బండి పక్కకి వాల్చి కింద అడ్డ పట్టీలు కూడా. నీళ్లు నిలిచేది అక్కడే.

పాతరంగే_ముద్దు:
పెట్రోలు పైపు కూడా కొత్తది వేయండి. ఇప్పుడు దొరికేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. ఆ కాలం రబ్బరు దానికి తట్టుకోదు. ఇథనాల్ తేమని పీలుస్తుంది కాబట్టి నెలల తరబడి నింపి ఉంచితే ట్యాంకు లోపల తుప్పు.

గూడూరు_చేతక్:
అయస్కాంతం అన్నిచోట్లా అతుక్కుంది, లప్పం లేదు. కానీ పెడల్ పక్కన స్క్రూడ్రైవర్ సర్రున దిగిపోయింది, బొటనవేలు పట్టేంత కంత. అడ్డ పట్టీ ఒకటి పొరలు పొరలుగా ఊడొస్తోంది. పైన షీల్డ్, డిక్కీలు గట్టిగా ఉన్నాయి. స్పార్క్ నీలంగా వచ్చింది! ఆర్సీ మామయ్య పేరు మీదే ఉంది, రెన్యువల్ ఎప్పుడో అయిపోయింది. ఊరెళ్లినప్పుడు చూడాలి. ఇప్పుడు ఫ్లోర్ వరకే వెల్డింగ్ చేయించి, అంతవరకే రంగు వేయిస్తే సరిపోతుందా?

రెడాక్సైడ్:
సరిపోదు. ఎండకి వెలిసిన నీలానికి కొత్త నీలం కలవదు. అతుకు వేసినట్టు కనిపిస్తుంది.

పాతరంగే_ముద్దు:
కనిపించనివ్వండి. ఫ్లోర్‌ని మళ్లీ రబ్బరు మ్యాట్ కప్పేదే కదా.

వేళచ్చేరి_టూస్ట్రోక్:
ఫ్లోర్ వరకే చేయించండి. వెల్డింగ్‌కి ముందు ట్యాంకు తీసి దూరంగా పెట్టండి, అది మర్చిపోవద్దు. గేర్, క్లచ్, బ్రేక్ కేబుళ్లు, వైరింగ్ ఆ ఫ్లోర్ మధ్య గట్టులోంచే వెళ్తాయి, అలాగే వదిలేస్తే కాలిపోతాయి. ముందు వాటిని లాగేయండి. లాగేటప్పుడు ప్రతిదాని చివరా సన్నటి బైండింగ్ వైరు కట్టండి, కేబుల్ బయటికొచ్చాక ఆ వైరు లోపలే ఉంటుంది. అది మంటకి కాలదు, కొత్త కేబుల్ దానికి కట్టి వెనక్కి లాగితే దారి వెతుక్కోనక్కర్లేదు. కొత్త రేకుకి అడుగువైపు కూడా ప్రైమర్ కొట్టమని గట్టిగా చెప్పండి, పైన కొట్టి వదిలేస్తారు.