వీఎంలో ఆర్‌డీఎంఎస్‌ఆర్ కొడితే వార్నింగ్, పైగా వాల్యూ జీరో

ప్రశ్న:
ఇంటెల్ ప్రాసెసర్ ఎంత పవర్ తింటోందో చూద్దామని చిన్న లైనక్స్ మాడ్యూల్ రాశానండి, ఆర్‌డీఎంఎస్‌ఆర్ ఇన్‌స్ట్రక్షన్‌తో హెక్స్‌లో 611 నంబర్ ఎంఎస్‌ఆర్ (ప్రాసెసర్ లోపలి ప్రత్యేక రిజిస్టర్, ఇది ఎనర్జీ కౌంటర్) చదువుతుంది అంతే. అసలు మెషీన్ మీద బానే ఉంది, అదే వీఎంలో (వర్చువల్ మెషీన్) లోడ్ చేస్తే కెర్నెల్ లాగ్‌లో "అన్‌చెక్డ్ ఎంఎస్‌ఆర్ యాక్సెస్ ఎర్రర్" అని ఇంత పొడుగు స్టాక్ ట్రేస్, వాల్యూ ఏమో జీరో. ముందే సీపీయూఐడీ (ఏ ఫీచర్లున్నాయో ప్రాసెసర్‌నే అడిగే ఇన్‌స్ట్రక్షన్) చూసుకుంటే సరిపోతుందా?

జవాబు 1:
సరిపోదు బ్రో. ఇంటెల్‌లో ఈ ఎనర్జీ కౌంటర్లకి సీపీయూఐడీ బిట్టే లేదు, కెర్నెల్ డ్రైవర్లు కూడా మోడల్ నంబర్ల టేబుల్ పెట్టుకునే నడుస్తాయి. వీఎంలో మోడల్ నంబర్ హోస్ట్‌దే కనబడొచ్చు, రిజిస్టర్ మాత్రం హైపర్‌వైజర్ (వీఎంని నడిపే సాఫ్ట్‌వేర్) ఇవ్వదు, జీపీ ఫాల్ట్ (అనుమతి లేని పని చేస్తే ప్రాసెసర్ ఇచ్చే ఎర్రర్) కొడుతుంది. ఆ జీరో రీడింగ్ కాదు, ఫాల్ట్ అయ్యాక కెర్నెల్ ఫలితం వచ్చే ఈఏఎక్స్, ఈడీఎక్స్ రిజిస్టర్లలో పెట్టిన సున్నా. పాత కెర్నెల్ అయ్యుంటే ఊప్సే (కెర్నెల్ క్రాష్ రిపోర్ట్). పేరు చివర సేఫ్ ఉన్న ఫంక్షన్ వాడి రిటర్న్ వాల్యూ చూడు, సున్నా కాకపోతే ఫెయిల్.

ప్రశ్న అడిగినవారు:
థాంక్సండి. ఫాల్ట్ వచ్చాక కంట్రోల్ మళ్ళీ నా కోడ్‌లోకి ఎలా వస్తుంది? సీలో ట్రై క్యాచ్ లేదు కదా.

జవాబు 2:
ఎక్సెప్షన్ టేబుల్ అని ఒకటుంటుంది. ఫాల్ట్ అయ్యే అవకాశమున్న ఇన్‌స్ట్రక్షన్ అడ్రస్, అయితే ఎక్కడికి దూకాలో ఆ అడ్రస్, ఏ రకం హ్యాండ్లరో, ఈ మూడూ కంపైల్ టైంలోనే ఒక సెక్షన్‌లో పడతాయి. ఫాల్ట్ రాగానే హ్యాండ్లర్ ఆర్‌ఐపీ (ఏ ఇన్‌స్ట్రక్షన్ దగ్గర ఉన్నామో చెప్పే రిజిస్టర్) తీసుకుని ఆ టేబుల్‌లో బైనరీ సెర్చ్ చేస్తుంది, దొరికితే ఆర్‌ఐపీ మార్చేసి వెనక్కి పంపిస్తుంది, దొరక్కపోతే ఊప్స్. ఫాల్ట్ రాకపోతే అదనపు ఖర్చు దాదాపు లేనట్టే, నాకైతే కెర్నెల్‌లో బాగా నచ్చే ఏర్పాట్లలో ఇదొకటి. యూజర్ మెమరీ కాపీ చేసే కోడ్ కూడా దీని మీదే బతుకుతోంది.

జవాబు 3:
పైవాళ్ళు చెప్పింది కరెక్టే కానీ సేఫ్ అన్నారని ధీమాగా ఉండకండి, ఫాల్ట్ రాలేదు అని తప్ప అది ఇంకేం చెప్పదు. కేవీఎంలో (లైనక్స్‌లోని హైపర్‌వైజర్) ఇగ్నోర్ ఎంఎస్‌ఆర్స్ అనే ఆప్షన్ ఆన్ చేసి ఉంటే లేని రిజిస్టర్ చదివినా ఫాల్ట్ రాదు, సక్సెస్ అని చెప్పి జీరో చేతిలో పెడుతుంది. అందుకే కెర్నెల్‌లోని పెర్ఫ్ (పనితీరు కొలిచే భాగం) కోడ్ ఇలాంటి కౌంటర్ జీరో చూపిస్తే అసలు లేనట్టే లెక్కేస్తుంది, మీరూ అదే చెయ్యండి. రెండు సాకెట్ల మెషీన్ అయితే ఏ సీపీయూ మీద చదవాలో చెప్పే వెర్షన్ వాడండి, లేకపోతే ఒకసారి ఈ ప్యాకేజీది (ఒక్కో సాకెట్‌లోని ప్రాసెసర్) ఇంకోసారి ఆ ప్యాకేజీది వచ్చి తేడా తీస్తే పిచ్చి లెక్కలొస్తాయి. అన్నట్టు ఆ కౌంటర్ 32 బిట్లే, నిండాక మళ్ళీ మొదటికొస్తుంది, అదీ చూసుకోండి.