చిల్లరలో వచ్చిన తప్పు బిళ్ల ఎవరిది?

కావలి కుర్రోడు: అన్నలూ, మొన్న మా వీధి చివర అంగడిలో 39 రూపాయల సామాను కొని యాభై ఇస్తే అక్క పది నోటూ ఒక రూపాయి బిళ్లా ఇచ్చింది. ఇంటికొచ్చి చూస్తే బిళ్ల మీద అచ్చు పక్కకు జరిగి పడింది. కింద సంవత్సరం ఎగిరిపోయింది, పైన నెలవంకలా నున్నగా ఖాళీ. తిప్పి చూసినా అంతే, సింహాల కింద ఉండాల్సిన సత్యమేవ జయతే లేదు. ఇది నాణేలు ముద్రించే మింట్‌లో జరిగిన తప్పేనా, ఎవరన్నా చేసిందా? అక్కకు చెప్పాలా?

పెన్నా ఒడ్డు: ముందు బంగారు కొట్టులో తూకం వేయించు తమ్ముడూ. రూపాయి గుర్తున్న బిళ్లయితే 2011 నుంచి వచ్చినవాటిలోది, 2019లో చిన్న బిళ్ల రాకముందు రకమైతే 3.79 గ్రాములు ఉండాలి. బిళ్ల అచ్చుల మధ్య సరిగ్గా కూర్చోకముందే దెబ్బ పడితే ఇలా వస్తుంది. అసలుదైతే ఖాళీ రెండు వైపులా ఒకే చోట ఉంటుంది. సంవత్సరం కనపడుంటే సేకరించేవాళ్ల దగ్గర రేటు ఇంకా పలికేది. కింద ఏ మింటో చెప్పే గుర్తు నక్షత్రమా, చుక్కా?

ఒంగోలు మాస్టారు: బరువు సరిపోతే అసలుదైపోతుందా? సుత్తితో కొట్టినా బరువు ఎక్కడికీ పోదు.

పెన్నా ఒడ్డు: బరువొక్కటే చాలని నేనన్నానా మాస్టారూ? మళ్లీ ఒకసారి చదవండి.

సూళ్లూరుపేట: లక్షలొస్తాయి బ్రో, వీడియోలో చూశా.

దర్శి రైతుబిడ్డ: ఆ వీడియోలు నమ్మే నేను రిజిస్ట్రేషన్ ఫీజని 2,500 పోగొట్టుకున్నా. మేం పాత నాణేల వ్యవహారాల్లో లేము, కమీషన్లు అడగం అని రిజర్వ్ బ్యాంకు 2021 ఆగస్టులోనే చెప్పిందంట. నాకు తెలిసేసరికి డబ్బులు పోయినాయి.

కావలి కుర్రోడు: తూకం 3.78 వచ్చిందన్నా. ఖాళీ రెండు వైపులా పైనే ఉంది. గుర్తు మాత్రం లేదు.

ఒంగోలు మాస్టారు: హైదరాబాదుకు నక్షత్రం, ముంబైకి డైమండు, నోయిడాకు చుక్క. గుర్తు లేదంటే కోల్‌కతా.

పెన్నా ఒడ్డు: గుర్తుండాల్సిన చోటే ఎగిరిపోతే కోల్‌కతా అని ఎట్లా అంటారు? తల పడని ఫోటో చూసి బట్టతల అన్నట్టుంది.

ఒంగోలు మాస్టారు: వయసుకు మర్యాద ఇచ్చి మాట్లాడు.

కందుకూరు అంగడి: మీ నక్షత్రాల గొడవ ఆపండి సామీ. అక్కకు చెప్పాలా అని పిల్లోడు అడిగాడు, ఒక్కరన్నా పట్టించుకున్నారా? నాకు కందుకూరులో అంగడి. నాలుగేళ్లపాటు ఒకాయన ప్రతి ఆదివారం వచ్చి, "ఎక్కడా చిల్లర దొరకట్లేదన్నా" అని నోట్లిచ్చి నా గల్లాపెట్టెలో బిళ్లలన్నీ సంచికి ఎత్తుకెళ్లేవాడు. పాపం అని టీ కూడా తెప్పించేవాణ్ణి. పోయినేడు తెలిసింది, పనికొచ్చేవి ఏరుకుని మిగతావి ఇంకో అంగట్లో మార్చేవాడంట. రూపాయికి రూపాయి ఇచ్చాడు, కాదనను.

పెన్నా ఒడ్డు: మరి మోసమేముంది అందులో? సంచులకు సంచులు భూతద్దం పెట్టి చూస్తే ఒక్కటి దొరుకుతుంది, ఒక్కోసారి అదీ లేదు. పదిహేనేళ్లలో నా కళ్లు పోయినాయి. అది మీ గల్లాలో ఉన్నన్నాళ్లూ రూపాయే.

ఒంగోలు మాస్టారు: ఇందులో కొత్తేముంది? 1786లో మన నెల్లూరు దగ్గర రైతు నాగలికి పాత గుడి ఇటుకలు తగిలి, కింద కుండలో రోమన్ బంగారు నాణేలు దొరికాయి. ట్రాజన్, హేడ్రియన్ అనే రోమన్ చక్రవర్తుల నాటివి. ఆయన మామూలు బంగారంలా అమ్ముకున్నాడు, చాలావరకు కరిగించేశారు. విలువ తెలిసినవాడికే విలువ.

కందుకూరు అంగడి: ఆ రైతుకు ఎవరన్నా ఒక్క మాట చెప్పుంటే కరిగిపోయేవా మాస్టారూ? పెన్నా అన్నా, నీ కష్టం సంగతి నేనెత్తలేదు. చిల్లర దొరకట్లేదన్నాడే, నేనడిగేది ఆ మాట గురించి. నువ్వూ అట్లనే అడుగుతావా?

పెన్నా ఒడ్డు: అడుగుతా. ఏరుకోవడానికి అంటే ఎవరూ ఇవ్వరు.

కందుకూరు అంగడి: అయితే నా టీ తాగింది నువ్వు కాకపోయినా నీలాంటోడే.

పెన్నా ఒడ్డు: ఎక్కువ మాట్లాడుతున్నావు.

సూళ్లూరుపేట: రేటెంతో చెప్పకుండా కొట్టుకుంటున్నారు 😄

పెన్నా ఒడ్డు: ఇలాంటిదే నేను పోయినేడు 600కు కొన్నా. లక్షలూ లేవు, గాడిదగుడ్డూ లేదు.

కావలి కుర్రోడు: అన్నలూ, పొద్దున చెప్దామనే అంగడికి పోయినా. బిళ్ల చేతిలో చూసీచూడగానే అక్కే అనింది, "తెచ్చినావా అబ్బయ్యా, ఎవరో నాకు అంటగట్టినారు, చెల్లదేమోనని నీకిచ్చేసినా, తిట్టుకోబాకు" అని. నేను నోరు తెరిచేలోపే దాన్ని లాక్కుని డబ్బాలోంచి మంచి రూపాయి తీసి చేతిలో పెట్టింది. తర్వాత ఆరొందల సంగతి చెప్పినా. కాసేపు నా మొహం చూసి, బిళ్లను పసుపు డబ్బాలో వేసి మూత పెట్టేసింది.

పెన్నా ఒడ్డు: తమ్ముడూ, ఆ అంగడి ఏ వీధిలో?

కందుకూరు అంగడి: చెప్పబాకు.