అరకు ఘాట్ దిగేటప్పుడు జిప్సీ బ్రేక్ పెడల్ కిందికి పోతోంది, బండి ఎడమకి లాగుతోంది

రుషికొండ_జిప్సీ:
అందరికీ నమస్కారం. బండి 1999 జిప్సీ కింగ్, ముందు డిస్కులు, వెనక డ్రమ్ములు. ఊళ్లో తిరిగితే ఏ ఇబ్బందీ లేదు. అనంతగిరి నుంచి శృంగవరపుకోట వైపు దిగుతుంటే సగం ఘాట్ అయ్యేసరికి పెడల్ మెత్తబడి దాదాపు ఫ్లోర్ దాకా పోతోంది. చల్లారాక మళ్లీ మామూలే. గట్టిగా తొక్కితే బండి ఎడమకి లాగుతోంది. వెనక ఎడమ చక్రానికి లోపలి వైపు తడి కనిపిస్తోంది. గ్యారేజీలో మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కుడుని ఫ్లూయిడ్ ఒత్తిడిగా మార్చేది) కొత్తది వేసి బ్లీడింగ్ (పైపుల్లోంచి గాలి తీయడం) చేశారు, అయినా తేడా లేదు. ఇప్పుడు బూస్టర్ (కాలి బలానికి తోడిచ్చేది) మార్చాలంటున్నారు. ఫ్లూయిడ్ డికాక్షన్ రంగులో ఉంది. బండి ఆరుబయటే ఉంటుంది, సముద్రపు గాలి నేరుగా తగులుతుంది. ఖర్చు పెట్టేముందు ఏమేం చూసుకోవాలి?

ఆటోనగర్_పానా:
బూస్టర్ జోలికి ఇప్పుడే వెళ్లకండి. బూస్టర్ పోతే పెడల్ గట్టిపడుతుంది, మెత్తబడదు. అనుమానం తీరాలంటే ఇంజిన్ ఆపి నాలుగైదుసార్లు పెడల్ తొక్కి, తొక్కిన కాలు అలాగే ఉంచి స్టార్ట్ చేయండి. పెడల్ కాస్త కిందికి దిగితే బూస్టర్ బాగున్నట్టే.

మీరు చెప్పింది ఫ్లూయిడ్ మరిగే లక్షణం. బ్రేక్ ఫ్లూయిడ్ గాలిలో తేమని పీల్చుకుంటుంది, మన వైజాగ్ గాలి సంగతి తెలిసిందే కదా. డాట్ 3 గ్రేడు ఫ్లూయిడ్ కొత్తది కనీసం 205 డిగ్రీల దాకా మరగదు. దాదాపు 3.7 శాతం నీరు చేరితే అదే 140కి పడిపోవచ్చు. డాట్ 4కి ఆ లెక్క 230, 155. ఘాట్‌లో కాలు తీయకుండా తొక్కితే ఆ వేడి కాలిపర్‌లోకి (ప్యాడ్లని డిస్కుకి నొక్కే భాగం) వెళ్లి ఫ్లూయిడ్ ఆవిరవుతుంది. ద్రవం నొక్కుకుపోదు గానీ ఆవిరి నొక్కుకుపోతుంది, అందుకే పెడల్ కిందికి. అదే లైనింగ్ (షూ, ప్యాడ్ల మీది రాపిడి పొర) వేడెక్కి ఫేడ్ అయితే పెడల్ పైనే గట్టిగా ఉంటుంది, బండి మాత్రం ఆగదు. ఈ రెండిటినీ కలిపేసుకోవద్దు.

మాస్టర్ మార్చాక కూడా ఫ్లూయిడ్ నల్లగా ఉందంటే పాతదాన్ని బయటికి తీయలేదన్నమాట. రిజర్వాయర్‌లో ఉన్నది సిరంజీతో లాగేసి, కొత్తది పోసి, ఒక్కో నిప్పిల్ (చక్రం దగ్గర ఫ్లూయిడ్, గాలి బయటికి వదిలే మర) దగ్గర తేటగా వచ్చేదాకా వదలాలి. మొత్తం మారడానికి అర లీటరు నుంచి లీటరు పడుతుంది. అర లీటరు సీసాలే కొనండి, మూత తీసి నెలల తరబడి ఉంచిన సీసా వాడొద్దు. డాట్ 4 పోయొచ్చు, డాట్ 3తో కలుస్తుంది. డాట్ 5 సిలికాన్ మాత్రం ఈ సిస్టమ్‌లో పోయకండి.

మన కుడి స్టీరింగ్ బండికి గాలి తీసే వరస: వెనక ఎడమ, వెనక కుడి, ముందు ఎడమ, ముందు కుడి. వెనక రెండు డ్రమ్ములకీ కలిపి ఒక్క నిప్పిలే ఉంటే దాని దగ్గరే సరిపోతుంది. పైపు మీద లోడ్ వాల్వ్ (బరువుని బట్టి వెనక బ్రేక్ ఒత్తిడి సర్దేది) ఉండి దానికి నిప్పిల్ ఉంటే అదీ వదలాలి. పాత మాస్టర్ ఉన్న బండ్లలో గాలి తీసేటప్పుడు పెడల్ కింద చెక్కముక్క పెట్టండి. పెడల్ ఫ్లోర్ దాకా వెళ్తే మామూలుగా సీల్ తిరగని తుప్పు భాగంలోకి వెళ్లి సీల్ అంచు చిరుగుతుంది.

ఇంకో మాట. కొత్త మాస్టర్ బిగించేముందు వైస్‌లో పట్టి, పైపులు రిజర్వాయర్‌లోకే తిప్పి, బుడగలు ఆగేదాకా మెల్లగా నొక్కారా అని అడగండి. అది చేయకపోతే లోపల ఇరుక్కున్న గాలి చక్రాల దగ్గర ఎంత వదిలినా రాదు.

కంచరపాలెం_ఫోర్‌బైఫోర్:
వెనక తడి ముందు చూడండి గురూ, అది వేరే జబ్బు. చక్రం తీసి డ్రమ్ము లాగండి. రాకపోతే సుత్తితో బాదొద్దు. డ్రమ్ము మీద మరలున్న రెండు రంధ్రాలుంటాయి, వాటిలో 8 ఎంఎం బోల్టులు సమంగా బిగిస్తే డ్రమ్ము దానంతటదే బయటికొస్తుంది. దుమ్ముని ఎయిర్ కొట్టొద్దు, పాత లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండొచ్చు. నీళ్లతో తడిపి తుడవండి.

తడి వేలికి రాసి దాని మీద నీటి చుక్క వేయండి. కలిసిపోతే బ్రేక్ ఫ్లూయిడ్, అంటే వీల్ సిలిండర్ సీల్ పోయింది. కలవకుండా బొట్టుగా నిలబడి, గంధకం వాసన ఘాటుగా వస్తే గేర్ ఆయిల్, అంటే యాక్సిల్ ఆయిల్ సీల్ పోయింది.

గేర్ ఆయిల్ అయితే సీల్ ఒక్కటే మార్చి ఊరుకోవద్దు. యాక్సిల్ మీద బ్రీదర్ (లోపలి గాలి బయటికెళ్లే చిన్న గొట్టం) బురదతోనో ఇసుకతోనో మూసుకుపోతే, వేడెక్కిన గాలికి దారి లేక ఆయిల్‌ని సీల్ మీంచి తోసేస్తుంది. బ్రీదర్ విప్పి నోటితో ఊది చూడండి. డ్రమ్ము లోపలి వ్యాసం కూడా కొలిపించండి, కొత్తది 220 ఎంఎం, 222 దాటితే మార్చాల్సిందే.

భీమిలి_బండి:
ఎడమకి లాగుతోందంటే ఎడమ చక్రం పాడైందని కాదు, చాలాసార్లు కుడివైపు పట్టట్లేదని. కుడి ముందు కాలిపర్ విప్పండి. ఉప్పుగాలికి గైడ్ పిన్నులు (కాలిపర్ అటూ ఇటూ జారే కడ్డీలు) బిగుసుకుంటే ఒక పక్క ప్యాడే అరుగుతుంది, రెండో పక్క ప్యాడ్ కొత్తగానే ఉంటుంది. పిన్నులకి సిలికాన్ గ్రీజు రాయండి. బేరింగ్ గ్రీజు రాస్తే రబ్బరు బూటు ఉబ్బుతుంది. పిస్టన్‌ని వెనక్కి నెడుతున్నప్పుడు తుప్పు గరుకు తగిలితే సీల్ కిట్టు వేసి లాభం లేదు, పిస్టన్ మార్చాలి.

పిన్నులు ఫ్రీగా ఉంటే హోస్ (చక్రం దగ్గరి రబ్బరు బ్రేక్ గొట్టం) అనుమానించండి. లోపలి రబ్బరు ఊడి అడ్డం పడితే ఫ్లూయిడ్ వెళ్తుంది గానీ వెనక్కి రాదు. బ్రేక్ వదిలాక కూడా చక్రం తిరగకపోతే నిప్పిల్ వదులు చేయండి. అప్పుడు చక్రం ఫ్రీ అయితే హోస్ దోషం, అవ్వకపోతే కాలిపర్ దోషం. మార్చినప్పుడు రెండు వైపులా మార్చండి.

స్టీల్ పైపుల్ని క్లిప్పుల కింద కూడా చూడండి, ఉప్పు అక్కడే దాక్కుంటుంది. రాగి పైపు వేసుకుంటే తుప్పు గొడవే ఉండదు.

ఆటోనగర్_పానా:
@భీమిలి_బండి ఆ చివరి మాట మాత్రం ఒప్పుకోను. అచ్చమైన రాగి అదురుకి గట్టిపడి పగులుతుంది. రాగి నికెల్ మిశ్రమం పైపైతే సరే, దొరక్కపోతే పూత పూసిన స్టీలే వేయాలి. పైపు చివర డబుల్ ఫ్లేర్ (అంచుని రెండు పొరలుగా మడిచి విప్పార్చడం) ఉండాలి, సింగిల్ ఫ్లేర్ బ్రేక్ ఒత్తిడికి ఆగదు.

రుషికొండ_జిప్సీ:
చుక్క బొట్టుగానే నిలబడింది, గేర్ ఆయిలే. బ్రీదర్ నిండా ఎర్రమట్టి. షూలు నానిపోయాయి. పెట్రోల్‌తో కడిగి కాల్చి వాడొచ్చంటున్నారు, నిజమేనా? కుడి కాలిపర్ కింది పిన్ను అసలు కదలట్లేదు.

కంచరపాలెం_ఫోర్‌బైఫోర్:
వద్దు. లైనింగ్ లోపలికి ఇంకిన ఆయిల్ పైపైన కాలిస్తే పోదు, వేడెక్కాక మళ్లీ పైకి ఊరుతుంది. ఎడమ కుడి నాలుగు షూలూ ఒకేసారి మార్చండి, ఒక్క వైపే మారిస్తే రెండు వైపులా పట్టు సమంగా ఉండదు. సీల్ కోసం ముందు గేర్ ఆయిల్ దించి, బ్రేక్ పైపు విప్పి, బ్యాక్ ప్లేట్ నాలుగు నట్లు తీస్తే షాఫ్ట్ బయటికొస్తుంది. రాకపోతే స్లైడ్ హామర్ (జారే బరువుతో బయటికి లాగే పనిముట్టు) కావాలి. షాఫ్ట్ మీద సీల్ తిరిగే చోట గోరు పెట్టి చూడండి. గాడి తగిలితే కొత్త సీల్ కూడా కారుతుంది. పైపు విప్పారు కాబట్టి వెనక మళ్లీ గాలి తీయాలి, కాబట్టి ఫ్లూయిడ్ మార్పిడి అన్నిటికన్నా ఆఖర్న పెట్టుకోండి.

ఘాట్ దిగేటప్పుడు రెండో గేరులో ఉండి, అప్పుడప్పుడు గట్టిగా తొక్కి వదిలేయండి. తారురోడ్డు మీద ఫోర్ లో (నాలుగు చక్రాలకీ శక్తినిచ్చే తక్కువ వేగం గేరు) వేయొద్దు, ముందూ వెనకా యాక్సిళ్లు మెలిపడతాయి.