‘అదను’ అనే మాట, ప్లేస్టేషన్ 2 నాటి యాక్షన్ గేములు

పోస్టు

అందరికీ నమస్కారం. ప్లేస్టేషన్ 2 రోజుల నాటి యాక్షన్ గేముల మీద తెలుగులో వరసగా రాస్తున్నాను. ఒక మాట దగ్గర మీ అందరి అభిప్రాయం కావాలి.

గేములు ఆడేవాళ్లు ‘టైమింగ్ విండో’ అంటారు. శత్రువు కత్తి పైకెత్తాడు. అది మన మీద పడేలోపు ఏదో ఒక లిప్తలో బటన్ నొక్కితే బతుకుతాం. ముందు నొక్కినా దెబ్బే, ఆలస్యమైనా దెబ్బే. ఆ మధ్యనున్న కాస్త వ్యవధికి తెలుగులో ఏమనాలి? ‘సరైన సమయం’ అంటే చప్పగా ఉంది. ‘అవకాశం’ మరీ పెద్దది, ఉద్యోగాలకూ చదువులకూ వాడే మాట. ‘అదను’ అయితే అచ్చంగా అతుకుతుందని నాకు గట్టి నమ్మకం.

అదను అంటే ఊరికే సమయం కాదు, తగిన సమయం. వస్తుంది, ఆగదు, పోతుంది. దాని పక్కన మనం వాడే క్రియలు చూడండి: అదను చూసి కొట్టాడు, అదను కోసం కాచుకున్నాడు, అదను తప్పింది. చూడటం, కాచుకోవడం, తప్పడం. మంచి యాక్షన్ గేములో ఆటగాడు చేసే పని మొత్తం ఈ మూడింటిలోనే ఉంది.

ఆ తరం గేముల దగ్గరే ఈ మాట ఎందుకంటే, 2000లో ప్లేస్టేషన్ 2, 2001లో గేమ్‌క్యూబ్, ఎక్స్‌బాక్స్ అనే కన్సోళ్లు, అంటే టీవీకి తగిలించి గేములు ఆడుకునే మెషీన్లు, వచ్చాయి. అంతకుముందు తరంలో 3డీ బొమ్మలు వచ్చాయి గానీ, 3డీలో కత్తియుద్ధం ఎలా ఉండాలో ఎవరికీ సరిగ్గా అంతుపట్టలేదు. కెమెరా ఒకవైపు, శత్రువు ఒకవైపు. ఈ తరంలో ఆ చిక్కుముడి విడిపోయింది.

మొదట ‘డెవిల్ మే క్రై’, 2001. హిదెకి కమియా దర్శకుడు. మొదలుపెట్టినప్పుడు అది ‘రెసిడెంట్ ఈవిల్ 4’ కావాల్సింది. దారి మారి వేరే గేమ్ అయింది. శత్రువును కత్తితో గాల్లోకి లేపి, కింద పడనీయకుండా తుపాకులతో కొడుతూ ఉండే ఆట దానిది. ‘ఒనిముషా’ గేమును పరీక్షిస్తుంటే శత్రువులు గాల్లోనే ఉండిపోయే లోపం ఒకటి బయటపడింది, ఆ లోపంలోంచే ఈ ఆలోచన పుట్టింది. ఇందులో నాకు మరీ నచ్చినది ఇంకొకటి. బటన్‌ను ఆపకుండా నొక్కితే ఒక వరస దెబ్బలు పడతాయి. మధ్యలో ఒక్క క్షణం ఆగి నొక్కితే వరసే మారిపోతుంది. అంటే అదను శత్రువు ఇచ్చేది మాత్రమే కాదు, మన చేతి లయలో మనం పుట్టించుకునేది కూడా.

2004లో ఎక్స్‌బాక్స్ మీద ‘నింజా గైడెన్’ వచ్చింది. మొదటి అధ్యాయం చివర మురాయ్ అనే గురువు నుంచాకు (గొలుసుతో కలిపిన రెండు కర్రలు) పట్టుకుని ఎదురొస్తాడు. అప్పటిదాకా బటన్లు దడదడలాడిస్తూ వచ్చినవాళ్లు అక్కడ చిత్తు. అతను దెబ్బలు వేస్తున్నంతసేపూ దెబ్బను ఆపే ఎల్ ట్రిగ్గర్ బటన్ పట్టుకుని కాచుకోవాలి, అతని వరస అయిపోగానే ఒకటో రెండో దెబ్బలు వేసి మళ్లీ వెనక్కి రావాలి. మూడోదానికి ఆశపడితే మన పని అయిపోతుంది. మొదటి అధ్యాయంలోనే ఇంత కఠినంగా పాఠం చెప్పిన గేమ్ ఆ తరంలో నాకు ఇంకొకటి కనబడలేదు.

‘గాడ్ ఆఫ్ వార్’ 2005. భారీతనంలో దానికి సాటి లేదు. మునుగుతున్న ఓడల మీద హైడ్రా అనే పలుతలల రాక్షస పాముతో మొదలవుతుంది, దాని పెద్ద తలను విరిగిన తెరచాప కొయ్యకు గుచ్చేదాకా ఊపిరాడదు. కానీ శత్రువు నీరసించగానే తల మీద గుండ్రటి బటన్ గుర్తు వెలుగుతుంది. అదను ఎప్పుడో గేమే చెప్పేస్తుంది. చూసే కన్ను మనదే గానీ, కనిపెట్టే పని మనది కాదు. అందుకే నా జాబితాలో అది రెండో మెట్టు మీదే ఉంటుంది.

మొదటి మెట్టు ‘షాడో ఆఫ్ ద కొలోసస్’. అదీ 2005లోనే, ఫుమితో ఉయెదా చేసింది. చిల్లర శత్రువులు లేరు. 16 మహాకాయులు (ఒక్కొక్కటీ ఒక కొలోసస్), ఒక కుర్రాడు, ఒక గుర్రం, అంతే. కొండంత జీవి ఒళ్లంతా ఎగబాకి దాని ప్రాణస్థానం మీద కత్తి దించాలి. ఆర్1 బటన్ వదిలితే పట్టు వదిలినట్టే. పట్టు ఎంత మిగిలిందో తెరమీద ఒక గుండ్రటి గుర్తు కుంచించుకుపోతూ చూపిస్తుంది. ఆ జీవి ఒళ్లు విదిలిస్తున్నప్పుడు కత్తి ఎత్తితే తూలిపోతాం. విదిలింపు ఆగిన ఆ కాసేపట్లోనే ఎత్తాలి, బలం కూడేదాకా ఆగాలి, దించాలి. తొందరపడితే గీత పడుతుంది, ఆలస్యమైతే మళ్లీ విదిలింపు మొదలవుతుంది. ఇంతకంటే స్పష్టంగా అదనును చూపించిన గేమ్ లేదు. ఉడుంపట్టు అనే మాటను కూడా ఇక్కడ ధైర్యంగా వాడొచ్చు.

భాస్కర శతకంలో ఈ మాటతోనే మొదలయ్యే పద్యం మనలో చాలామంది బళ్లో చదువుకున్నదే: ‘అదను దలంచి కూర్చి ప్రజ నాదరమొప్ప…’ రాజు అదను చూసి అడిగితే ప్రజలు దగ్గరికొచ్చి ఇస్తారు, తొందరపడి కొట్టి తెమ్మంటే మొదటికే మోసం, పొదుగు పిదికితే పాలొస్తాయి గానీ మొదలంటా కోస్తే వస్తాయా అని. బటన్లన్నీ ఒకేసారి బాదే ఆటకు ఇంతకంటే మంచి తెలుగు వ్యాఖ్యానం ఉండదు.

ఏమంటారు? ‘అదను’ వాడమంటారా?

వ్యాఖ్య

మీ గేములు నేను ఆడలేదు గానీ మాట సంగతి చెబుతాను. మా వైపు పలుకుబడిలో ‘అదును’ ఎక్కువ, పుస్తకాల్లో ‘అదను’. రెండూ ఒకటే, ఏది వాడినా తప్పు లేదు. సేద్యంలో ‘అదునూ పదునూ చూసి విత్తాలి’ అంటాం కదా. అదును అంటే కార్తె, కాలం. పదును అంటే నేలలో తగినంత తేమ. అదును పైనుంచి వచ్చేది, పదును మన కాలికింద తెలిసేది. అదును వచ్చినా పదును లేకపోతే విత్తనం మొలవదు. మీరు అదనొక్కటే పట్టుకున్నారు, రెండోదాన్ని కూడా ఆలోచించండి బాబూ.

పోస్టు పెట్టినవారి జవాబు

మాస్టారూ, చాలా పెద్ద మాట చెప్పారు. గేముల్లో ఆ రెండోది నిజంగానే ఉంది. కొలోసస్ విదిలింపు ఆగింది, అదను వచ్చింది. కానీ అప్పటికే మన పట్టు అయిపోవచ్చింది అనుకోండి, కత్తి ఎత్తే బలం ఉండదు, జారిపోతాం. మధ్యమధ్యలో దాని భుజం మీదో వీపు మీదో చదునుగా ఉన్నచోట నిలబడి పట్టు మళ్లీ నింపుకోవాలి. అది అదను కాదు, మీరు చెప్పిన పదునే. వ్యాసంలో రెండు మాటలూ వాడతాను.

వ్యాఖ్య

అన్నా, మా దిక్కు అదను అనేది తక్కువ. ‘మోకా జూసి కొట్టిండు’ అంటం. వైస్ సిటీ గేమ్ ఆడుకుంట పెరిగిన పోరగాళ్లకు మోకా అంటేనే ఎక్కుతది. అదను అంటే పుస్తకం భాష లెక్క అనిపిస్తది.

పోస్టు పెట్టినవారి జవాబు

తమ్ముడూ, మోకా మంచి మాట, ఉర్దూ నుంచి వచ్చినా మన ఇంటిదైపోయింది. తెలంగాణ పలుకులో రాసేటప్పుడు అదే వాడాలి, అక్కడ అదను పెడితే అతుకు వేసినట్టుంటుంది. నాకున్న ఒకే ఒక్క పేచీ, మోకా కొంచెం పెద్దదానికి కూడా సరిపోతుంది. సినిమాలో మోకా దొరికింది అంటాం, ఊరెళ్లడానికి మోకా దొరకలేదు అంటాం. సెకనుకు 60 ఫ్రేములు (తెరమీద మారే బొమ్మలు) నడిచే డెవిల్ మే క్రై లాంటి గేములో కొన్ని ఫ్రేముల పాటు ఉండే సన్నటి వ్యవధికి, అందరికీ కలిపి ఒకటే మాట ఎంచమంటే నేను అదను వైపే ఉంటాను. కానీ మీ వాక్యం ‘మోకా జూసి కొట్టిండు’ ఎంత ఊపుగా ఉందో! అది అలాగే ఎత్తి రాసుకుంటాను, మీకు అభ్యంతరం లేకపోతే.

వ్యాఖ్య

‘సందు’ ఎందుకు కాకూడదండీ? ‘సందు దొరికితే చాలు దూరిపోతాడు’ అంటాం కదా. రెసిడెంట్ ఈవిల్ 4లో నేను చేసింది అదే. గురి పెడితే హీరో లియాన్ అడుగు కదపలేడు. నలుగురు మీదికొస్తుంటే ఒకడి మోకాలి మీద కాల్చాలి, వాడు తూలగానే పరుగెత్తి వెళ్లి తన్నాలి, ఆ తన్నుకు పక్కవాళ్లు కూడా పడతారు, ఆ ఖాళీలోంచి బయటపడాలి. అది సందే.

పోస్టు పెట్టినవారి జవాబు

మీరు చెప్పినచోట సందే సరైనదండీ, ఎందుకంటే అక్కడ దొరికేది ఖాళీ స్థలం. గుంపులో దారి. అదను కాలానికి సంబంధించింది, సందు చోటుకు సంబంధించింది. దర్శకుడు షింజి మికామి ఆ గేములో చేసిన గొప్ప పని కూడా అదే అనుకుంటాను: కదలికను కట్టేసి, నిలబడే చోటు విలువను పెంచాడు. శత్రువు తూలిన క్షణం అదను, తన్నిన తర్వాత తెరుచుకునేది సందు. రెండూ వరసగా వస్తాయి కాబట్టి ఒకటే అనిపిస్తుంది.

వ్యాఖ్య

మరి ‘ప్యారీ’కి ఏమంటారు సార్? ‘అడ్డుకోవడం’ అంటే మామూలు బ్లాక్ అయిపోతుంది. డెవిల్ మే క్రై 3లో రాయల్ గార్డ్ అని ఒక పోరాట పద్ధతి ఉంటుంది. దెబ్బ తగిలే సరిగ్గా ఆ క్షణంలో నొక్కితే ఆ బలం మనలో చేరుతుంది, తర్వాత ఒక్కసారిగా తిప్పికొట్టొచ్చు. దీన్ని ఒక్క మాటలో చెప్పడం నా వల్ల కావడం లేదు.

పోస్టు పెట్టినవారి జవాబు

దీనికి ‘కాచుకోవడం’ చాలు అనిపిస్తుంది. తెలుగులో ఈ ఒక్క క్రియకు రెండు పనులున్నాయి. ‘గుమ్మం దగ్గర కాచుకుని కూర్చున్నాడు’ అంటే ఎదురుచూస్తున్నాడని. ‘దెబ్బ కాచుకున్నాడు’ అంటే తగలకుండా ఆపాడని. ‘కాచుకో!’ అని సవాలు విసిరితే రెండర్థాలూ కలిసే వినబడతాయి. రాయల్ గార్డ్ ఆడేవాడు సరిగ్గా అదే చేస్తాడు. పారిపోడు, కొట్టడు, దెబ్బ కోసం ఎదురుచూస్తాడు, వచ్చిన క్షణాన ఆపుతాడు. ఎదురుచూడటం, ఆపడం ఒకే బటన్ మీద ఉన్నాయి, ఒకే మాటలోనూ ఉన్నాయి. తర్వాతి భాగానికి మీరన్న ‘తిప్పికొట్టడం’ బాగుంది, మార్చొద్దు.

ఇంకో సంగతి. 2005లో అమెరికాలో వచ్చిన డెవిల్ మే క్రై 3లో ‘నార్మల్’ అని రాసి ఉన్న కష్టం స్థాయి జపాన్ వాళ్ల ‘హార్డ్’. అక్కడ ఆ గేమ్ కొనుక్కుని చేతులెత్తేసినవాళ్లలో లోపం లేదు. కాచుకోవడం నేర్చుకోకుండా ఆ స్థాయిని దాటడం నిజంగానే కష్టం.

వ్యాఖ్య

అదను తప్పితే మళ్లీ రాదంటారు కదా, మరి ‘ప్రిన్స్ ఆఫ్ పర్షియా: సాండ్స్ ఆఫ్ టైమ్’ సంగతేంటి? గోడ మీంచి దూకి పట్టు తప్పినా కత్తి పిడి నొక్కి కాలాన్ని వెనక్కి తిప్పేస్తాం.

పోస్టు పెట్టినవారి జవాబు

ఆ తరంలో అంత తెలివైన ఆలోచన ఇంకొకటి లేదండీ. 2003 నాటికి గేముల్లో చావు అంటే మొదటికి రావడం, లోడింగ్ చూస్తూ కూర్చోవడం. ఈ గేము చేసినవాళ్లు ఆ చావును కథలోనే కలిపేశారు. అయినా తప్పిన అదనును ఉచితంగా ఇవ్వరు, కాలాన్ని తిప్పే ఆ కత్తిలోని ఇసుక ఖర్చవుతుంది. ఇసుక అయిపోతే మామూలు మనిషివే. అందుకని ఆడేవాడు అదను మీద శ్రద్ధ పెడుతూనే ఉంటాడు, భయం మాత్రం తగ్గుతుంది.

వ్యాఖ్య

‘మాటు’ను మరిచిపోకండి. మెటల్ గేర్ సాలిడ్ 3లో ద ఎండ్ అనే ముసలి స్నైపర్‌తో అడవిలో గంటల తరబడి నడుస్తుంది. ఆయనా మాటు వేస్తాడు, మనమూ మాటు వేస్తాం. మధ్యలో గేమ్ సేవ్ చేసి వారం పైన తిరిగొస్తే ఆయన వయసు మీదపడి పోయి ఉంటాడు! కన్సోల్ గడియారం ముందుకు తిప్పినా అంతే. అలాగే, ప్లేస్టేషన్ 2 మీద మన హైదరాబాద్‌లో అరోనా టెక్నాలజీస్ వాళ్లు చేసిన ‘హనుమాన్: బాయ్ వారియర్’ 2009లో వచ్చింది. అది కూడా మీ వరసలో ఉండాలి.

పోస్టు పెట్టినవారి జవాబు

తప్పకుండా ఉంటుంది. మన దగ్గర తయారై ప్లేస్టేషన్ 2 మీదికి వెళ్లిన మొదటి గేమ్ అది, దానికి విడిగా ఒక భాగం రాస్తాను. గదతో కొట్టే ఆటకు తెలుగులో మాటల కొరత లేదు: మోదడం, గిరగిర తిప్పడం, విసరడం. గద వేటుకు ముందు చేయి వెనక్కి వెళ్లే ఆ కదలికకు ఒక మాట కావాలి, ఎవరికైనా తెలిస్తే చెప్పండి.

‘మాటు’ తీసుకున్నాను. అక్కడ అదను కోసం లిప్త కాదు, వారం కూడా ఆగొచ్చన్నమాట.

వ్యాఖ్య

సార్, ఇవేవీ ఆడనివాళ్లు అదను అంటే ఏమిటో తెలుసుకోవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

పోస్టు పెట్టినవారి జవాబు

షాడో ఆఫ్ ద కొలోసస్‌తో మొదలుపెట్టండి. పాత మెషీన్ అక్కర్లేదు, 2018లో బ్లూపాయింట్ వాళ్లు ప్లేస్టేషన్ 4కు కొత్తగా చేశారు, అదే ఆట, బొమ్మ మాత్రం బాగుపడింది. మొదటి కొలోసస్ పిక్క మీద కత్తి దించితే అది మోకాలు వంచుతుంది, అప్పుడు ఎక్కండి. విదిలిస్తుంటే పట్టుకుని ఉండటం తప్ప ఏమీ చేయకండి. నింజా గైడెన్ దాని తర్వాత, అప్పటికి మురాయ్ కొట్టే దెబ్బల వరస మీకు కనబడుతుంది.