లైకెన్‌లో రెండు జీవులున్నాయని నిజంగా రుజువు చేసింది ఎవరు?

పచ్చనాచు:
పోటీ పరీక్షల పుస్తకాల్లో సింబయోసిస్ (సహజీవనం) అనగానే జర్మన్ వృక్షశాస్త్రవేత్త పేరుతో "డి బారీ, 1879" అని ఒక్క ముక్కలో తేల్చేస్తున్నారు. లైకెన్ అంటే శిలీంధ్రం (ఫంగస్), శైవలం (ఆల్గే) కలిసిన జంట అని స్విస్ వృక్షశాస్త్రవేత్త ష్వెండెనర్ 1867లోనే చెప్పాడు కదా. మైక్రోస్కోపులో చూసి చెబితే రుజువైపోయినట్టేనా? ఇంకోటి, పరాన్నజీవనం సింబయోసిస్‌లోకి వస్తుందా రాదా?

బూజుపట్టినకొమ్మ:
రెండోది ముందు. డి బారీ లెక్కలో వస్తుంది. 1878లో జర్మనీలోని కాసెల్‌లో ఇచ్చిన ఉపన్యాసంలో (అచ్చయింది 1879లో) ఆయన చెప్పింది వేర్వేరు జాతుల జీవులు కలిసి బతకడం, అంతే. లాభనష్టాల షరతు లేదు, పరాన్నజీవనం కూడా అందులో ఒక రకమే. ఇద్దరికీ మేలు జరిగేదాన్ని బెల్జియంలో జంతుశాస్త్రవేత్త వాన్ బెనెడెన్ అప్పటికే విడిగా మ్యూచువలిజం అంటున్నాడు. ఈ రెండూ కలగలిసింది తర్వాతి పాఠ్యపుస్తకాల్లో. జర్మన్ వృక్షశాస్త్రవేత్త ఫ్రాంక్‌ని కూడా వదలకండి: 1877లో లైకెన్ల మీద రాస్తూనే "సింబయోటిస్మస్" వాడాడు. 1885లో మైకోరైజాకి (మొక్కల వేళ్లు, శిలీంధ్రం కలిసి బతికే జోడీకి) పేరు పెట్టిందీ ఆయనే.

రాతిపువ్వు:
చూస్తే సరిపోలేదు. లైకెన్‌లో కనిపించే పచ్చ కణాలు శిలీంధ్ర తంతువుల నుంచే పుడతాయని నైలాండర్ లాంటి లైకెన్ నిపుణులు గట్టిగా వాదించారు. రష్యాలో ఫామింత్సిన్, బరనెత్స్కీ 1867లో లైకెన్ నుంచి ఆ కణాలను విడదీసి పెంచితే అవి బయటి శైవలాల్లాగే చరబీజాలు (ఈదే బీజకణాలు) విడిచాయి. విచిత్రం, వాళ్లు దాన్ని తలకిందులుగా చదివారు: బయట దొరికే శైవలమే లైకెన్ ముక్క అనుకున్నారు! అంటే విడదీస్తే చాలదు, మళ్లీ కలిపి చూపాలి.

1871లో రీస్ అనే శాస్త్రవేత్త కొలీమా అనే లైకెన్ సిద్ధబీజాలను (శిలీంధ్ర స్పోర్లను) నాస్టాక్ అనే నీలి ఆకుపచ్చ శైవలం మీద చల్లితే థాలస్ (లైకెన్ శరీరం) వచ్చింది కానీ ఫలనాంగాలు (సిద్ధబీజాలు పుట్టే భాగాలు) రాలేదు. 1877లో ష్టాల్ అనే జర్మన్ శాస్త్రవేత్త తెలివిగా ఎండోకార్పన్ అనే లైకెన్‌ని ఎంచుకున్నాడు. దాని ఫలనాంగంలోనే శైవల కణాలుంటాయి, సిద్ధబీజాలతో పాటే బయటికి చిమ్ముతాయి. వాటితో ఫలనాంగాల దాకా పూర్తి లైకెన్ తయారైంది. అదే శైవలాన్ని థెలీడియం అనే మరో లైకెన్ సిద్ధబీజాలకు జత చేస్తే థెలీడియం వచ్చింది. నా లెక్కలో ఈ రెండోదే అసలు దెబ్బ: శైవలం శిలీంధ్రం నుంచి పుట్టేదైతే ఇది కుదరదు.

పచ్చనాచు:
ఇంట్లో చూడొచ్చా?

రాతిపువ్వు:
బిర్యానీలో వేసే రాతిపువ్వు లైకెనే. పది నిమిషాలు నీళ్లలో నానబెట్టి, క్యారెట్ ముక్క చీల్చి మధ్యలో పెట్టి, కొత్త బ్లేడుతో అడ్డంగా పలచగా కోయండి. నీటి చుక్క, కవర్‌స్లిప్, 400 రెట్లు. పై పొర కింద గుండ్రటి కణాల వరస, దాని కింద వదులుగా తంతువుల అల్లిక కనిపిస్తాయి. మొత్తం నల్లగా కనిపిస్తే కోత మందమైందని అర్థం. పాత సరుకులో పచ్చదనం పోయి కణాలు పసుపుగా ఉంటాయి, తాజాది చెట్టు బెరడు మీద దొరికితే మేలు. తంతువులు స్పష్టంగా కనిపించకపోతే కాటన్ బ్లూ (శిలీంధ్రానికి పట్టే నీలి రంగు) ఒక చుక్క.