రూమ్‌లో మనవాళ్లే నవ్వుతుంటే ఏం చెయ్యాలి?

రాజాం కుర్రాడు:
అందరికీ నమస్కారం. ఎంఎస్ కోసం ఈమధ్యే సియాటిల్ వచ్చాను. రూమ్‌లో అందరూ తెలుగువాళ్లే. నేను మా ఉత్తరాంధ్ర యాసలో "ఏటి" అంటే చాలు, పడీపడీ నవ్వుతారు. అమ్మతో ఫోన్లో మాట్లాడుతుంటే పక్కన కూర్చుని నన్ను వెక్కిరిస్తారు. వచ్చిన రోజే ఇంటిపేరు అడిగారు, అది చాలక "మీరేవిట్లు?" అని కులం ఆరా తీశారు. ఇప్పుడు ల్యాబ్ మీటింగ్‌లో కూడా నోరు పెగలట్లేదు. ఇది వివక్షా, నేనే ఎక్కువ ఆలోచిస్తున్నానా?

నరసన్నపేట అక్క:
తమ్ముడూ, నీ గురించి ఏమీ తెలియకముందే నీకు మార్కులు వేసేశారు, గొడవంతా అక్కడే. సరదాకే అయితే వాళ్ల యాస మీద కూడా జోకులు పడాలి కదా! సినిమాల్లో మన యాస ఎక్కువగా పనివాళ్లకో కామెడీకో ఇచ్చారు, వీళ్లు అదే చూసి పెరిగారు. వాడుకభాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తిగారు పుట్టింది మన శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో. ఆగస్టు 29న ఆయన పుట్టినరోజుకి నీ రూమ్మేట్లే తెలుగు భాషా దినోత్సవమని స్టేటస్ పెడతారు, చూస్తూ ఉండు.

నోరు పెగలకపోవడం చేతకానితనం కాదు. 1995లో క్లాడ్ స్టీల్, జాషువా ఆరన్సన్ స్టాన్‌ఫర్డ్ విద్యార్థులకు కష్టమైన పరీక్ష పెట్టారు. "ఇది మీ తెలివిని కొలుస్తుంది" అని చెప్పినప్పుడు నల్లజాతి పిల్లలు తెల్లవాళ్లకన్నా వెనకపడ్డారు. అవే ప్రశ్నలు తెలివికి సంబంధం లేదని చెప్పి ఇస్తే ఆ తేడా బాగా తగ్గింది. "వీళ్లంటే ఇంతే అనుకుంటారేమో" అన్న టెన్షన్ బుర్రలో సగం జాగా తినేస్తే లెక్కకి మిగిలేదెంత? రాత్రి రూమ్‌లో పడ్డ నవ్వే పొద్దున్న ల్యాబ్‌లో నీ గొంతుకి అడ్డం పడుతోంది.

కులం ఆరా తీయడం మాత్రం యాస వెక్కిరింపుతో కలిపి చూడకు. 2023 ఫిబ్రవరిలో సియాటిల్ నగర కౌన్సిల్ కులవివక్షని నిషేధించింది, అమెరికాలో మొదటి నగరం అదే. ఉద్యోగానికీ అద్దె ఇంటికీ వర్తిస్తుంది. కాకపోతే నగరం హద్దుల్లోనే, బెల్‌వ్యూ, రెడ్‌మండ్ వేరే ఊళ్లు. ఊరికే అడిగినందుకు కేసు అవ్వదు. దాన్ని బట్టి గది లేదన్నా, పని ఇవ్వకపోయినా అప్పుడు అవుతుంది. తేదీ, అన్నమాట, అక్కడ ఎవరున్నారో ఫోన్లో రాసి పెట్టుకో.

బొబ్బిలి అంకుల్:
అమ్మాయి చెప్పింది నిజమే, కానీ బాబూ, ప్రతిదీ వివక్ష అనుకోకు. ప్రొఫెసర్ నీ మాట మళ్లీ చెప్పమంటే అది చులకన కాదు, మనం ఇంగ్లీషు పరుగెత్తిస్తాం. రెండుసార్లు చెప్పినా నీ ఆలోచన వినకుండా, అదే మాట ఇంకొకడు అంటే మెచ్చుకుంటే అప్పుడు అనుమానించు.

ఇంకోటి. "ఆ ఏరియాలో నల్లవాళ్లుంటారు, ఇల్లు తీసుకోకు" అని కొత్తవాళ్లకి ముందుగా చెప్పేది మనవాళ్లే. నాకూ అలాగే చెప్పారు. ఊళ్లో మాత్రం తక్కువా? సీతంపేట సంతకి చింతపండు తెచ్చిన ముసలి సవర గిరిజనుణ్ణి కుర్ర షావుకారు "ఏరా" అని పిలుస్తుంటే పక్కనున్నవాళ్లెవరూ తలెత్తి చూడరు. ఆయన మూట దింపి, చెప్పిన రేటుకే ఇచ్చి వెళ్లిపోతాడు. బేరమాడితే ఇంకో నాలుగు మాటలు పడాలని ఆయనకి తెలుసు. నువ్వు ల్యాబ్‌లో నోరు మూసుకున్నట్టే.

రాజాం కుర్రాడు:
థాంక్స్ అక్కా, అంకుల్. రూమ్‌లో ఏమనాలి మరి? గొడవ పెట్టుకుంటే అద్దె పంచుకునేవాళ్లు దొరకరు.

నరసన్నపేట అక్క:
అందరి ముందూ వద్దు. వాళ్లలో కాస్త మంచిగా ఉన్నవాడెవడో చూసి, వాడొక్కడికే చెప్పు, "అమ్మతో మాట్లాడేటప్పుడు వెక్కిరించకండి" అని. అంతే, సంజాయిషీలు వద్దు. యాస మాత్రం మార్చుకోకు. వచ్చే మీటింగ్‌లో ఒక్క ప్రశ్న ముందే కాగితం మీద రాసుకుని వెళ్లి, మొదటి పది నిమిషాల్లోనే అడిగెయ్. లీజు ఎప్పటికి అయిపోతుందో నాకు విడిగా మెసేజ్ పెట్టు, మావాళ్ల ఇంట్లో గది ఖాళీ అవుతోంది.